పొలం ఇంటి చుట్టూ తిరిగే అడవి ఈములు: పిల్లలను వెంటబెట్టుకొని వచ్చేది తల్లా, తండ్రా?

ప్రశ్న
దేవరకొండ బత్తాయి:

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలోని దేవరకొండ ప్రాంతం. కొంత బత్తాయి తోట, మరికొంత చెలక సాగు చేసుకునేవాణ్ణి. శ్రావణ మాసం మొదట్లో మా అమ్మాయి దగ్గరికి దక్షిణ ఆస్ట్రేలియాకు వచ్చాను, ఇంకా రెండు నెలలు ఇక్కడే ఉంటాను. అల్లుడికి పోర్ట్ అగస్టా పట్టణంలో ఉద్యోగం. అయితే వాళ్లు పట్టణంలో కాకుండా, ఫ్లిండర్స్ కొండల వైపు అరగంట ప్రయాణం దూరంలో ఒక గొర్రెల రైతుకు చెందిన పాత రాతి ఇంట్లో అద్దెకు ఉంటున్నారు. చుట్టూ ఎర్రమట్టి, మోకాలెత్తు పొదలు, ఎండిన వాగు, వాగు గట్టున లావుపాటి యూకలిప్టస్ చెట్లు తప్ప కనుచూపు మేరలో మరో ఇల్లు లేదు. నేల రంగు చూస్తే మా చందంపేట గుట్టల వెనుక భాగమే గుర్తుకు వస్తుంది గాని చెట్టు ఒక్కటీ మనది కాదు.

వచ్చిన మూడవ రోజు పొద్దున అరుగు మీద కూర్చుని టీ తాగుతుండగా, ఇంటి వెనుక నుంచి ఒక ఈము పక్షి తాపీగా నడుచుకుంటూ వచ్చింది. దాని ముందు, వెనుక, కాళ్ల సందుల్లో కలిపి తొమ్మిది పిల్లలున్నాయి. ఒక్కొక్కటి నాటుకోడి పెట్టంత ఉంటుంది. మీగడ రంగు ఒంటి మీద మెడ నుంచి తోక దాకా ముదురు గోధుమ రంగు చారలు, ఉడుత వీపు మీది గీతలను ఎవరో పెద్దవి చేసి దిద్దినట్లుగా ఉన్నాయి. పెద్ద పక్షి తల ఎత్తితే నా కన్నా ఒక జానెడు తక్కువ, అంతే. ఆ రోజు నుంచి అది దాదాపు ప్రతి పొద్దునా ఏడు, ఎనిమిది గంటల మధ్య వాగు వైపు నుంచి వచ్చి, వాన నీళ్ల ట్యాంకు కారి తడిసిన చోట మొలిచిన పచ్చిగడ్డిలో ఇరవై నిమిషాల పాటు మేసి, పిల్లలతో సహా కంచె వెంబడి వెళ్లిపోతున్నది.

నేను ఇంతకు ముందు చూసిన ఈములన్నీ 2008 ప్రాంతంలో మా పక్క ఊళ్లో ఇనుప జాలీ వెనుక పెంచినవే. మన వైపు వాటిని ఈము కోళ్లు అనేవారు. అవి జాలీని రాసుకుంటూ పొద్దంతా ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతుండేవి. ఈ పక్షి నడకకూ ఆ నడకకూ పోలికే లేదు. అందుకే తెలిసినవారిని కొన్ని సంగతులు అడగాలనిపించింది.

మా ఇంట్లో అందరూ దీన్ని తల్లి అంటున్నారు. అది నిజమేనా? మొదట తొమ్మిదిగా లెక్కపెట్టిన పిల్లలు పదిహేను రోజుల్లో ఏడయ్యాయి, ఆ రెండూ ఏమై ఉంటాయి? ఇక్కడ వానలు తక్కువ గనుక వాటికి నీళ్లో, గింజలో పెట్టవచ్చునా, పెడితే మేలు చేసినట్లా, కీడు చేసినట్లా? ఇంకొక సంగతి. కొన్ని రాత్రులు దూరంగా ఎవరో ఖాళీ డ్రమ్మును పిడికిలితో మెల్లగా కొడుతున్నట్లు ధమ్, ధమ్ అనే శబ్దం వస్తున్నది. ఇంటి యజమాని అది ఈముదే అన్నాడు గాని, మా పక్షి పగటి పూట గొంతులో గురగుర మనడం తప్ప అటువంటి శబ్దం చేయగా నేను వినలేదు.

జవాబు
మిర్యాలగూడ వరిచేను:

పిల్లలను వెంటేసుకొని తిరుగుతున్నదంటే అది తల్లి కాక మరేమవుతుందండీ. కోడి అయినా, నెమలి అయినా, కౌజు అయినా మన కళ్ల ముందు జరిగేది అదే కదా. గింజలు వేయండి, పుణ్యం.

జవాబు
పాలమూరు ప్రవాసి:

దేవరకొండ పెద్దాయన గారికి నమస్కారం. మాది జడ్చర్ల దగ్గరి ఊరు. పన్నెండేళ్లుగా ఇదే రాష్ట్రంలో గోధుమ పండే ప్రాంతంలో వ్యవసాయ యంత్రాల పని చేస్తున్నాను గనుక ఈములు నాకు రోజువారీ దృశ్యమే. మిర్యాలగూడ మిత్రుడు ఏమీ అనుకోకూడదు. మీరు చూస్తున్నది తండ్రి. ఆడ ఈము ఏప్రిల్ నుంచి జూన్ లోపల, అంటే ఇక్కడి చలికాలం మొదలయ్యే వేళ, ఐదు నుంచి పదిహేను దాకా గుడ్లు పెడుతుంది. ఆ తరువాత చాలా వరకు ఆ చోటు విడిచి వెళ్లిపోతుంది, కొన్ని మరో మగదానితో జతకట్టి మళ్లీ గుడ్లు పెడతాయి. మగది దాదాపు ఎనిమిది వారాలు ఆ గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ ఎనిమిది వారాలూ మేత దాదాపుగా మానేస్తుంది, నీళ్లు కూడా అరుదే. ఒంట్లో పేరుకున్న కొవ్వే దానికి ఆధారం గనుక, లేచే నాటికి బరువులో మూడవ వంతు దాకా తగ్గిపోతుంది. పిల్లలు బయటికి వచ్చాక ఐదు నుంచి ఏడు నెలలు వాటిని వెంట తిప్పుకొని మేత చూపించేది కూడా అదే. ఆ కాలంలో మరో పెద్ద ఈము దగ్గరికి వస్తే, అది ఆడదైనా సరే, ఈకలు విరబోసి గురగురమంటూ తరుముతుంది.

నీళ్ల విషయం. ట్యాంకు కారుతున్నంత కాలం మీరు ప్రత్యేకంగా పెట్టవలసిన అవసరం లేదు. పెట్టదలిస్తే లోతు లేని వెడల్పాటి పళ్లెం పెట్టి, అందులో రెండు రాళ్లు వేయండి, ఎందుకంటే నిలువు గోడలున్న తొట్టిలో పడిన పిల్ల మళ్లీ పైకి రాలేదు. గింజలు మాత్రం వద్దు. అవి గడ్డి, ఆకులు, విత్తనాలు, పండ్లు, గొంగళి పురుగులు, మిడతలు తిని బతుకుతాయి, మీ ముంగిట అవన్నీ ఉన్నాయి. మనిషి చేతి మేతకు అలవాటు పడిన ఈము తరువాత రోడ్డు పక్కన ఆగిన ప్రతి కారు దగ్గరికీ వస్తుంది, దాని అంతం అక్కడే జరుగుతుంది. రొట్టె ముక్కలు అసలే వేయవద్దని మనవలకు చెప్పండి. ఇవి రక్షిత పక్షులు గనుక అనుమతి లేకుండా పట్టుకోవడం, గుడ్లు తీయడం నేరమని కూడా తెలిసి ఉండడం మంచిది.

తగ్గిన రెండు పిల్లల విషయంలో నా అనుమానం నక్క మీద. యూరప్ నుంచి వేటాట కోసం తెచ్చి వదిలిన నక్కలు ఈ దేశంలో చాలా భాగానికి పాకిపోయాయి. మీరున్న చోటు డింగోలనే ఇక్కడి అడవి కుక్కలను ఆపడానికి కట్టిన ఐదు వేల ఆరు వందల కిలోమీటర్ల కంచెకు దక్షిణాన ఉన్నది కనుక డింగోల భయం లేదు గాని, నక్కలకు, గద్దలకు ఆ కంచె అడ్డు కాదు. యజమాని గొర్రెల కుక్కను పొద్దున ఆ గంటసేపు కట్టి ఉంచమని అడగండి.

కంచె అన్నాను కనుక ఒక మాట చెప్పాలి. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ రైతులు ఈముల మందలు పైరు తొక్కేస్తున్నాయని మొర పెట్టుకుంటే, ప్రభుత్వం మెషిన్ గన్లతో సైనికులను పంపింది. వాళ్లు వేలాది తూటాలు ఖర్చు చేశాక గాని ఇది తమ వల్ల అయ్యే పని కాదని తేల్చుకోలేదు. మన దగ్గర అడవి పందుల బాధ పడే రైతులకు ఆ కథ చెబితే నవ్వరు, సగం అర్థం చేసుకుంటారు. ఇప్పుడు ఇక్కడ ఆ పని కంచెలే చేస్తున్నాయి. పిల్లలు కింది తీగ సందులో నుంచి దూరి అవతలికి వెళ్లడం, తండ్రి ఇవతల ఉండిపోయి కంచె వెంబడి పరుగులు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. మీ కంట పడితే దగ్గరికి వెళ్లి సాయం చేయబోకండి. గేటు తెరిచి పెట్టి (గొర్రెలు లేకపోతేనే) దూరంగా తప్పుకోండి.

జవాబు
కల్వకుర్తి చెలక:

ఈ ప్రశ్న చదివి రెండు రోజులు జవాబు రాయలేదు, ఎందుకంటే రాయాలంటే నా తెలివితక్కువతనం కూడా రాయవలసి వస్తుంది. నేను 2007లో ఆరు జతల ఈము పిల్లలతో ఫారం పెట్టినవాణ్ణి. గుడ్లనూ, పిల్లలనూ తామే కొంటామని చెప్పిన ఒక కంపెనీ మాట నమ్మి, చెలకలో అర ఎకరానికి ఇనుప జాలీ వేయించి, కొట్టం కట్టించి, అప్పు తెచ్చి మొదలుపెట్టాను. ఐదేళ్లు పెంచాను. కాబట్టి ఈముల గురించి నాకు అన్నీ తెలుసని అనుకునేవాణ్ణి.

మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, అది నాకు బాగా తెలిసినది గనుక. డ్రమ్ము శబ్దం ఆడదానిది. దాని మెడలో శ్వాసనాళానికి అంటుకొని ఒక సంచి ఉంటుంది, అందులో గాలి నింపి ఆ శబ్దం చేస్తుంది, అది చాలా దూరం వినిపిస్తుంది. మగది గురగుర మాత్రమే అంటుంది. ఈకలను చూసి, ఎత్తును చూసి ఆడా మగా చెప్పడం కష్టం, ఆడది కాస్త పెద్దదిగా ఉంటుందన్నా రెండూ పక్కపక్కన ఉంటే తప్ప తెలియదు. అందుకని జతలు కొనేటప్పుడు మేము గొంతునే నమ్ముకునేవాళ్లం. మీ ఇంటి ముందుకు వచ్చేది గురగుర మంటున్నది కాబట్టి అది మగదే, సందేహం లేదు.

ఇక నాకు తెలియకుండా పోయినది చెబుతాను. మన దగ్గర ఈములు చలికాలంలో, అంటే అక్టోబరు, నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా గుడ్లు పెట్టేవి. సాయంత్రం పొద్దు వాలే వేళ గుడ్డు పెట్టేది. గుడ్డు ముదురు ఆకుపచ్చగా, పైన సన్నటి గరుకుతో, అర కిలోకు పైగా బరువుండేది. పెట్టిన పది నిమిషాల్లో దాన్ని తీసి, పెన్సిలుతో తేదీ, జత నంబరు రాసి, దాచి, వారానికొకసారి హేచరీకి పంపేవాళ్లం. అక్కడ యంత్రంలో యాభై రోజులకు పైగా పెట్టి పిల్లలను తీసేవారు. కాబట్టి ఐదేళ్లలో నా ఫారంలో ఒక్క పక్షి కూడా ఒక్క గుడ్డును పొదగలేదు, ఒక్క పిల్ల కూడా తండ్రి వెంట నడవలేదు.

రెండవ ఏడు గుడ్ల కాలంలో నాలుగవ జతలోని మగది ఒక మూలకు వెళ్లి కూర్చుంది. మొదటి రోజు ఎండకనుకున్నాను. రెండవ రోజు దాణా ముట్టలేదు, నాలుగవ రోజుకు నీళ్ల దగ్గరికి కూడా రాలేదు. మెడ నేలకు ఆనించి, కదపబోతే గురగురమని, రోజుకు చాలాసార్లు లేచి కింద ఏమీ లేని మట్టిని ముక్కుతో తిరగేసి మళ్లీ కూర్చునేది. ఒక్కో పక్షి మీద ఎంత డబ్బు పోశానో నాకు తెలుసు కాబట్టి భయపడి, బలానికి సూదులు వేయించాను, నోరు తెరిచి బెల్లం నీళ్లు పోయించాను. మా ఇంటావిడ మాత్రం మొదటే, "ఇది రోగం కాదు, మా తల్లిగారింట్లో పొదుగుకు వచ్చిన కోడి అచ్చం ఇట్లనే కూర్చునేది" అన్నది. అది మగది కదా అని నేను కొట్టిపారేశాను. పశువైద్యుడు వచ్చి చూసి, ఆమె చెప్పినదే నిజమన్నాడు.

ఆయన వెళ్లాక మా ఇంటావిడ, హేచరీ వాళ్లు పిల్ల రాని గాలి గుడ్డు అని తిప్పి పంపినదాన్ని ఒకటి తీసుకుపోయి ఆ పక్షి ముందు పెట్టింది. అది ముక్కు వంచి, గుడ్డును మెల్లగా కడుపు కిందికి దొర్లించుకొని, ఈకలు సర్దుకొని కూర్చుంది. అంత పెద్ద పక్షి అంత నెమ్మదిగా ఏ పనీ చేయగా నేను చూడలేదు. అయినా మర్నాడు ఆ గుడ్డు తీయించాను, ఎందుకంటే మగది పొదుగుకు కూర్చుంటే ఆ జత ఇక గుడ్లు పెట్టదని, గుడ్డుకు ఇంత అని లెక్క వేసుకొని ఉన్నాను. ఆ లెక్క ఏమైందో ఈ వేదికలో చాలామందికి తెలుసు. కంపెనీ వాళ్లు మొదట ధర తగ్గించారు, తరువాత ఫోను ఎత్తడం మానేశారు. 2012 నాటికి దాణా ఖర్చు భరించలేక ఉన్నవాటిని మాంసానికి అమ్ముకున్నాను. పక్క ఊళ్లలో కొందరు రాత్రిపూట జాలీ విప్పి గుట్టల్లోకి తోలేశారు, అవి ఎంతకాలం బతికాయో ఊహించుకోవచ్చు.

మీకు పనికివచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. ఇంటి చుట్టూ మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు, సీసా మూతలు ఉంటే ఏరించండి. ఈము తిన్నది అరగడానికి గులకరాళ్లు మింగుతుంది, మెరిసేదేదైనా దానికి రాయిలాగే కనిపిస్తుంది. మా దగ్గర చచ్చిన ఒకదాన్ని కోసి చూస్తే కందనకాయలో మూడు మేకులు, పశువైద్యుడి పెన్ను మూత దొరికాయి. ఆ మూత కోసం ఆయన ఆ రోజు నా జేబులు కూడా వెతికించాడు.

జవాబు
నల్లగొండ బడిపంతులు:

కల్వకుర్తి వారి జవాబు తరువాత రాయడానికి పెద్దగా మిగలలేదు గాని, మిర్యాలగూడ మిత్రుడు అన్నదాంట్లో సగం నిజం ఉన్నది, ఆ సగం ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలి. నెమలి విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. మగ నెమలి పురి విప్పి ఆడడంతో తన పని అయిపోయిందనుకుంటుంది, గుడ్లను పొదిగేదీ, పిల్లలను పొలం గెట్ల వెంట నడిపించేదీ ఆడ నెమలి ఒక్కటే. ఈము దానికి సరిగ్గా తలకిందులు. అయితే ఇటువంటి తండ్రులను చూడటానికి ఆస్ట్రేలియా దాకా పోనక్కరలేదు.

నేను సెలవు రోజుల్లో పానగల్లు ఉదయసముద్రం గట్టు మీద కూర్చుని పక్షులను చూస్తుంటాను. వానాకాలంలో తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే, కొడవలి వంటి తోక ఉన్న నీటిపిట్టను మీలో చాలామంది చూసే ఉంటారు. దానిలో ఆడది ఒక మగదానికి నాలుగు గుడ్లు పెట్టి ఇచ్చి, మరో మగదాని దగ్గరికి పోతుంది. నీటి మీద తేలే గూటిలో గుడ్లను పొదిగేదీ, పిల్లలను కాచేదీ మగదే. మన చెలకల్లో, కంది సాళ్లలో కౌజులా కనిపిస్తూ, కాలికి మూడు వేళ్లే ఉండే చిన్న పిట్ట ఒకటి ఉన్నది. దానిలో గొంతు నల్లగా, ఒళ్లు పెద్దగా ఉండేది ఆడది, పొదిగేది మగది. ఈముకు కూడా కాలికి మూడు వేళ్లే. రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు గాని, పొదగడంలోనూ వేళ్లలోనూ కలిసిన ఈ పోలిక నాకు సరదాగా అనిపిస్తుంది.

పెద్దాయన గారూ, మీరు రోజూ చూస్తున్నారు కాబట్టి ఒక నోటు పుస్తకం పెట్టండి. పిల్లల సంఖ్యను అవి గడ్డిలో మేస్తున్నప్పుడు కాక, ఖాళీ నేలను దాటుతున్నప్పుడు లెక్కపెట్టండి. చారల పిల్లలు ఎండుగడ్డిలో కదలక కూర్చుంటే పది అడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనవు, ఆ చారలు ఉన్నదే అందుకు. కనుక మీ తొమ్మిదీ ఏడూ రెండూ ఎంతవరకు సరైన లెక్కలో కూడా చూడాలి. పిల్ల తల తండ్రి కాలిలో ఏ ఎత్తుకు వస్తున్నదో వారానికొకసారి రాయండి. మూడు నెలలు వచ్చేసరికి చారలు మాసిపోవడం మొదలవుతుంది, అది ఏ వారంలో మొదలైందో రాస్తే, పిల్లలు పెంకు పగిలి ఎప్పుడు బయటికి వచ్చాయో మీరే వెనక్కి లెక్క కట్టవచ్చు. రెట్టలను కూడా చూడండి, అందులో ఏ పండు గింజలున్నాయో చూస్తే అవి పగలు ఎక్కడ తిరిగి వస్తున్నాయో తెలుస్తుంది.

రాత్రి మబ్బు లేని రోజున ఆకాశం కూడా చూడండి. మనకు నల్లగొండలో దక్షిణం వైపు కనిపించే జ్యేష్ఠ, మూల నక్షత్రాలు అక్కడ నడినెత్తిన ఉంటాయి. దక్షిణ శిలువ అనే చుక్కల గుంపు పక్కన ఉన్న నల్లటి మచ్చను తలగా, అక్కడి నుంచి పాలపుంత వెంట సాగే నల్లటి చారను మెడగా, జ్యేష్ఠ, మూలల దగ్గరి చీకటిని ఒళ్లుగా పెట్టుకొని, అక్కడి ఆదివాసులు ఆకాశంలో ఒక ఈమును చూశారు. మనం చుక్కలను కలిపి బొమ్మ గీస్తే, వాళ్లు చుక్కలు లేని చోటును బొమ్మగా చూశారు. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగానికి చెందిన కమిలరోయి ప్రజలకు అది ఏప్రిల్, మే సాయంత్రాల్లో పరుగెత్తే ఈము. జూన్, జూలై వచ్చేసరికి కాళ్లు కనిపించకుండా పోయి, గూటి మీద కూర్చున్న మగ ఈము.

జవాబు
మిర్యాలగూడ వరిచేను:

ఒప్పుకున్నాను, నేను చెప్పింది నెమలికే చెల్లుతుంది. గింజల మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

జవాబు
దేవరకొండ బత్తాయి:

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, ఈ ఐదు వారాల్లో చెప్పవలసినవి కొన్ని పోగుపడ్డాయి. పంతులు గారు చెప్పినట్లు ఖాళీ నేల మీదనే లెక్కపెడుతున్నాను, తగ్గినవి నిజంగానే తగ్గాయి, ఏడే ఉన్నాయి. కుక్కను పొద్దున కట్టి ఉంచుతున్నారు. అల్లుడు, నేను కలిసి ఇంటి చుట్టూ పాత కంచె తీగ, మేకులు ఏరితే ఒక బకెట్టు నిండింది.

సెప్టెంబరు రెండవ వారంలో ఒక పొద్దున, తోక చివర కోసుగా ఉండే ఇక్కడి పెద్ద గద్ద ట్యాంకు మీదుగా బాగా కిందికి వచ్చింది. దాని నీడ నేల మీద పడగానే తండ్రి ఒక్క గురక వేసింది. పిల్లలు చెదరలేదు, పరుగెత్తలేదు, అన్నీ వచ్చి దాని కాళ్ల కిందికి చేరాయి. అది మెడ నిలువుగా చాచి, ఒంటి ఈకలన్నీ విరబోసి, గడ్డివాములా నిలబడింది. ఒక్కో కుదురు నుంచి రెండేసి ఈకలు వేలాడుతాయి కాబట్టి అది విరబోస్తే నిజంగానే కింద ఉన్నవి కనిపించవు. గద్ద రెండు చుట్లు తిరిగి కొండల వైపు వెళ్లిపోయింది. ఆ తరువాత కూడా చాలా సేపు తండ్రి మేయలేదు, పిల్లలు మాత్రం వెంటనే బయటికి వచ్చి గడ్డిలో పడ్డాయి.

అసలు అడగవలసినది వేరే ఉన్నది. పోయిన గురువారం నుంచి పిల్లలు ఎనిమిది కనిపిస్తున్నాయి. నా లెక్క తప్పనుకొని మనవరాలిని కూడా లెక్కపెట్టమన్నాను, ఎనిమిదే. ఏడింటికి చారలు మసకబారుతున్నాయి, ఎనిమిదవది మాత్రం వాటిలో సగమే ఉంటుంది, చారలు ఇంకా కొత్తగా ఉన్నాయి. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? మరో ఈమును తరిమే ఈ పక్షి, ఊరూ పేరూ లేని పిల్లను ఎట్లా రానిచ్చింది?

జవాబు
పాలమూరు ప్రవాసి:

తండ్రి నుంచి తప్పిపోయిన పిల్ల అయి ఉంటుంది. కంచె దగ్గర విడిపోయినవీ, తండ్రి రోడ్డు మీద చనిపోయినవీ ఇట్లా మరో గుంపులో చేరుతుంటాయి. పెద్ద ఈములను తరిమే మగది, తన పిల్లల కన్నా చిన్నదిగా ఉన్న పిల్లను మామూలుగా తరమదు. నేను ఒకసారి రెండు వయసుల పిల్లలు ఉన్న గుంపును చూసి, రెండు ఈతలు అనుకొని పొరపడ్డాను. చిన్నది మిగతావాటి నడకకు అందుకోలేక వెనుకబడుతుంది, తండ్రి దాని కోసం ఆగుతున్నదా లేదా అనేది గమనించి రాయండి.

జవాబు
దేవరకొండ బత్తాయి:

మూడు రోజులు చూశాను. ఆగుతున్నది. కంచె మూల దగ్గర ఏడూ ముందుకు పోయాక తల వెనక్కి తిప్పి, చిన్నది వచ్చి కాళ్ల దగ్గర చేరే దాకా నిలబడుతున్నది. నిన్న అట్లా నాలుగు నిమిషాలు నిలబడింది, చేతి గడియారం చూసి రాశాను. వచ్చే బుధవారం నా ప్రయాణం. నోటు పుస్తకం మనవరాలికి అప్పగిస్తున్నాను. తెలుగు రాయడం ఆమెకు సరిగా రాదు గాని అంకెలు వేయగలదు.

జవాబు
కల్వకుర్తి చెలక:

మీ జవాబులన్నీ మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఎనిమిదవ పిల్ల సంగతి విని, నేను ఆ రోజు తీయించిన గాలి గుడ్డును గుర్తు చేసింది, నేను మాట్లాడలేదు. రాత్రిపూట ఈము పిల్లలను ఈకల కింద పెట్టుకొని పడుకుంటుందని విన్నాను గాని చూడలేదు. బుధవారం లోపల మీకు గాని, తరువాత అల్లుడు గారికి గాని ఆ దృశ్యం దూరం నుంచి, వాటికి ఇబ్బంది కలగకుండా దొరికితే ఒక ఫోటో ఇక్కడ పెట్టండి. ఆమె చూస్తానంటున్నది.